చక్రము క్రింది కాలు



1970 ప్రాంతమున, నా బాల్యములో, పుంగనూరు జాతరయందొక చక్రపుటాట చూచితిని. చక్రముపై ఆరు బొమ్మలు. ఆరుగురు తలకొక బొమ్మపై పది పైసలొడ్డినచో, గెలిచినవానికి ఏబది పైసలు ముట్టును. మా తండ్రిగారు నన్ను ప్రక్కకు పిలిచి, "నాయనా, అరువది రాబట్టి యేబది యిచ్చుచున్నాడు, పది వానివి. ఈ లెక్క బయటనే యున్నది. కాని చక్రము క్రింద వాని కాలెక్కడ నున్నదో చూడుము" అనిరి. చూచితిని. పందెము హెచ్చుగా పడిన బొమ్మ దగ్గరకు వచ్చినపుడెల్ల ఆ పాదము కదలుచుండెను.

జూదమున పాలకు లెరుగవలసిన భేదము ఇదియే. కౌటిల్యుడు అర్థశాస్త్ర తృతీయాధికరణమున ద్యూతమును ఒక్కచోటికి చేర్చి, అధ్యక్షుని కాపుంచెను. గవ్వలను, పాచికలను అధ్యక్షుడే యొసగవలెను. వానిని మార్చినవానికి 12 పణములు దండము. గెలుపులో నూటికి 5 పాళ్లు అధ్యక్షుడు గైకొనును. పాలు ముందే తెలిసినది. పాచిక నడుమ మారదు. 1931లో జూదమును సమ్మతించిన అమెరికాలోని నెవాడా రాష్ట్రము సైతము, యంత్రము సగటున నూటికి 75కు తక్కువ తిరిగి యీయరాదనియు, ఒకడాడుచుండగా ఆ రేటు మార్చరాదనియు నియమించినది.

ఇటీవల కుప్పమున నొక పెండ్లిలో నా పూర్వశిష్యుడు కనబడెను. మదనపల్లె మార్కెట్టులో టమాటా లమ్మిన సొమ్మును ఫోనులోని చక్రపుటాటలో పోగొట్టుకొన్నాడట. "అయ్యవారూ, మొదట బాగుగ నిచ్చినది, పిదప నిచ్చుట మానినది. ఇది నా దురదృష్టమా, వాని మోసమా?" యని యడిగెను.

ఇట్టి ఆటలను తయారుచేయువారు ఒకే యాటను 96, 94, 91 వంటి పలు రేట్లతో అమ్ముదురు; నడుపువాడు తనకు నచ్చినది పెట్టుకొనును. బొమ్మలు మారవు, సంగీతము మారదు. రెండంకెల తేడా స్వల్పమని తోచును. కాని నూరు రూపాయలొడ్డి, వచ్చినదెల్ల మరల నొడ్డుచు పోయినచో, సగటున 96 రేటున 17 మార్లకు సగమగును; 94 రేటున 11 మార్లకే సగమగును. నడుపువాని పాలు నాలుగునుండి ఆరగుట యనగా ఒకటిన్నర రెట్లగుటయే కదా!

నా శిష్యుని ఓటమికి రేటు మార్పే కారణమని చెప్పజాలను. కేవలము యాదృచ్ఛికమనియు చెప్పజాలను. వాడును చెప్పజాలడు. ఒడ్డువానికి తెలియు దారి లేకుండుటయే యిందలి అన్యాయము.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1974 నాటి చట్టమును 2020లో సవరించి ఇంటర్నెట్టు జూదమును నిషేధించెను. 2025 ఆగస్టున పార్లమెంటు, డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించు చట్టము చేసెను. అయినను దేశాంతరమునుండి నడుచు ఆటలు ఫోనులోనికి వచ్చుచునే యున్నవి. వానికి అధ్యక్షుడు లేడు. పాచిక నిచ్చువాడును, పాలు గైకొనువాడును, మార్చువాడును ఒక్కడే.

పుంగనూరులో మా తండ్రిగారు చూపగా నాకు కాలు కనబడినది. ఫోనులో ఎవరు చూపినను కనబడదు. కాలు కనబడని చక్రముకడకు పోకుడని నా శిష్యునికి చెప్పితిని. మీకును అదియే మనవి.