ట్విప్పులూ, ఒత్తులూ

డేటాబేసు ఫారం మీద ఏ గడి ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా ఆకర్షిస్తున్నది. ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉన్నది. దాని చివరి అంకంలో మన తెలుగుకూ ఒక పాత్ర ఉన్నది.

మొదట ఆ అధికారమంతా కోడుదే. 1970ల చివర జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేస్తూ, ఫుట్‌బాల్ పందేల లెక్కల కోసం వేన్ రాట్లిఫ్ మొదలుపెట్టిన ప్రోగ్రామే తరువాత డీబేస్ అయింది. అందులోనూ, దాని బాటలో నడిచిన ఫాక్స్‌ప్రోలోనూ వరుస సంఖ్య, నిలువు సంఖ్య చెప్పి 'సే' అంటే అక్కడొక మాట కనబడేది. 'గెట్' అంటే నింపడానికి చోటు ఏర్పడేది. 80 నిలువు గళ్ళు, 25 వరుసలు, అంతే రంగస్థలం. గడిని జరపాలంటే ఒక అంకె మారిస్తే చాలు.

1991లో విజువల్ బేసిక్, 1992లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ రావడంతో ఫారంను మౌసుతో గీయడం వాడుకైంది. గీసే వేళ వేరు, నడిచే వేళ వేరు అయ్యాయి. యాక్సెస్‌లో 'క్రియేట్ కంట్రోల్' అన్న ఆదేశంతో కోడే కొత్త గడిని సృష్టించవచ్చు గాని, ఫారం డిజైను దశలో తెరచి ఉంటేనే అది సాధ్యం. పైగా ఒక ఫారం జీవితకాలంలో చేర్చగలిగినవి 754 మాత్రమే. తీసివేసినవీ ఆ లెక్కలోనివే! యాక్సెస్ 97తో వచ్చిన ఎండీఈ దస్త్రాలలోనైతే డిజైను దశకు ద్వారమే మూసుకుపోయింది. అందుచేత అనుభవజ్ఞులు కావలసిన గళ్ళన్నీ ముందే గీసి దాచి ఉంచి, నడిచే వేళ వాటిని చూపడం, జరపడం, సాగదీయడం అలవాటు చేసుకున్నారు. నాకూ ఆ పద్ధతే మేలనిపిస్తుంది.

ఈ జరపడానికి కొలమానం ట్విప్పు. అచ్చుపని వారి పాయింటులో ఇరవయ్యవ వంతు, అంగుళానికి 1440. యాక్సెస్ ఫారం వెడల్పు 22 అంగుళాలు దాటకూడదన్న హద్దు చాలాకాలం ఉండేది, అంటే 31,680 ట్విప్పులు. 16 బిట్ల పూర్ణాంకంలో ఇమిడే అతి పెద్ద సంఖ్య 32,767. ఇరవైమూడో అంగుళం అందులో పట్టదు. ఇది కాకతాళీయమని నేను అనుకోను.

ఇక తెలుగు. విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. యాక్సెస్ పట్టికలు 2000 సంచిక నుండే యూనికోడును స్వీకరించాయి. ఫారం మీద తెలుగు చక్కగా కనబడుతుంది. కోడు వ్రాసే కిటికీలో మాత్రం 'పేరు' అని వ్రాస్తే ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఆ కిటికీ విండోస్ పాత కోడ్‌పేజీల మీద ఆధారపడినది. సిస్టం వాడుకునే ఆ కోడ్‌పేజీలలో తెలుగుకు చోటు దక్కలేదు. 3114, 3143, 3120, 3137 అని నాలుగు అంకెలను అక్షరాలుగా మార్చి కూర్చితే గాని 'పేరు' పలకదు. ఫారంలోని ప్రతి గడినీ శాసించగల కోడుకు మన భాషలో రెండక్షరాలు వ్రాయడం చేతకాకపోవడం నాకు కష్టం కలిగించింది. పేరును అంకెలుగా వ్రాసుకోవడం ఖైదీలకు చెల్లుతుంది గాని భాషకు చెల్లదు.

అందువల్ల నేను శీర్షికలన్నింటినీ ఒక పట్టికలో ఉంచుతాను. మొదటి నిలువులో గడి పేరు, రెండవదానిలో ఇంగ్లీషు శీర్షిక, మూడవదానిలో తెలుగు, నాలుగవదానిలో ఎత్తు. ఫారం తెరుచుకునేటప్పుడు కోడు ఒక్కొక్క గడినీ పలకరించి, దాని శీర్షికను పట్టిక నుండి తెచ్చి తగిలిస్తుంది. కోడులో తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు, తెర మీద అంతా తెలుగే.

ఎత్తు ఎందుకంటారా? ఇంగ్లీషు శీర్షికకు 240 ట్విప్పులు సరిపోయిన చోట 'రాష్ట్రం' అన్న మాటకు ఒత్తులు తెగిపోయాయి. 'ష' క్రింద 'ట', దాని క్రింద 'ర'. మన లిపి క్రిందికి కూడా పెరుగుతుందని ఆ గడిని గీసినవారికి తట్టలేదు. 360 చేస్తే ఒత్తులు నిలిచాయి. అయితే ఒక గడి పెరిగితే దాని క్రిందివన్నీ దిగాలి. కాబట్టి కోడు పైనుండి వస్తూ, పెరిగిన ఎత్తును కూడుకుంటూ, ఆ మొత్తాన్ని తరువాతి గడి 'టాప్' విలువకు కలుపుతుంది. తొమ్మిది గళ్ళ ఫారంలో ఎనిమిది గళ్ళు పెరిగితే చివరిది 960 ట్విప్పులు, అంటే ముప్పాతిక అంగుళం కంటే తక్కువే, క్రిందికి జరుగుతుంది. ఆ మేరకు ఫారం అడుగుభాగాన్ని ముందుగానే పెంచుకోవాలి.