అతికించిన పాట ఎన్నాళ్ళు పాడుతుంది?

2006, 2007 నాటి తెలుగు సైట్లు ఎప్పుడైనా తిరగేశారా? "ఈ పాట వినండి, ప్రాణం లేచొస్తుంది" అని ఉంటుంది. కింద చూస్తే పాట ఉండదు, ఖాళీ పెట్టె ఉంటుంది. రాత చెక్కుచెదరలేదు, రాయడానికి కారణమైన పాటే లేదు! ఆ రోజుల్లో నాది నిక్కర్ల వయసు కాబట్టి అప్పుడవి మోగుతుంటే వినలేదు. ఇప్పుడు విందామంటే లేవు. ఎందుకిలా అయిందో చూద్దాం.

బయటి సరుకుని మన పేజీలో చూపించడం కొత్తదేం కాదు. 1993లో మార్క్ ఆండ్రీసన్ ఇమేజ్ ట్యాగ్ ప్రతిపాదించాడు. బొమ్మ ఏ సర్వర్లో ఉన్నా సరే, అడ్రస్ ఇస్తే చాలు. 1996లో నెట్‌స్కేప్ ఎంబెడ్ ట్యాగునీ, మైక్రోసాఫ్ట్ ఐఫ్రేమునీ తెచ్చాయి. 1997లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4లో ఐఫ్రేముకి చోటు దక్కింది గానీ ఎంబెడ్‌కి దక్కలేదు, దాని బదులు ఆబ్జెక్ట్ వాడమన్నారు. బ్రౌజర్లు మాట వింటేగా! ఆబ్జెక్ట్ లోపల ఎంబెడ్ పెట్టి, ఒకే అడ్రస్ రెండుసార్లు రాసే తంతు అలా మొదలైంది. 2005లో వచ్చిన యూట్యూబ్ ఇచ్చిందీ ఆ కోడే. 425×350 సైజు, ఫ్లాష్ ప్లేయరు. కాపీ కొట్టు, పేస్ట్ చెయ్యి, అంతే.

మనవాళ్ళకి ఇది వరమైంది. బ్లాగర్ ఉచిత ఖాతాలో ఎంపీ3 పెట్టుకునే వీల్లేదు. సొంత హోస్టింగ్ అంటే డాలర్లలో కట్టాలి. ఈస్నిప్స్ అనే సైటు ఊరికే చోటిచ్చి, ప్లేయర్ కోడు కూడా చేతిలో పెట్టింది. ఇంకేం, ఘంటసాల పద్యాలు, రేడియోలో వచ్చిన లలిత గీతాలు, ఇంట్లో క్యాసెట్లలో మూలుగుతున్నవన్నీ అక్కడికెక్కాయి. హక్కుల సంగతి అడిగినవాళ్ళు తక్కువే లెండి :)

తర్వాత ఒక్కొక్కటే రాలిపోయాయి. ఈస్నిప్స్ మూతపడింది. గూగుల్ వీడియో 2012 ఆగస్టులో పోయింది. ఫోటోబకెట్ 2017లో, బయటి సైట్లలో బొమ్మ కనిపించాలంటే ఏడాదికి 399 డాలర్లు కట్టమంది. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్ నిషేధం. అదే ఏడాది డిసెంబరు 31తో ఫ్లాష్‌కి మంగళం.

ఇక్కడ రెండు రకాల చావులున్నాయి, కలిపి చూడకూడదు. ఒకటి, తలుపు పాడైంది గానీ ఇల్లుంది. పాత యూట్యూబ్ కోడు ఆడకపోయినా, అందులో 11 అక్షరాల వీడియో ఐడీ ఉంటుంది. దాన్ని 2010లో వచ్చిన ఐఫ్రేము కోడులో పెడితే, వీడియో ఎవరూ తీసేయకపోతే మళ్ళీ ఆడుతుంది. రెండోది, ఇల్లే లేదు. ఈస్నిప్స్ పెట్టెల సంగతి ఇది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికినా చాలాసార్లు పేజీ దొరుకుతుంది, పాట దొరకదు.

నేను చందానగర్‌లో అద్దెకుంటాను. గోడకి మేకు కొట్టాలన్నా ఓనరుగారిని అడగాలి. కానీ ఖాళీ చెయ్యమంటే నా సామాను నేను పట్టుకుపోతాను. ఎంబెడ్‌లో సామాను కూడా ఓనరుదే! మన దగ్గరుండేది అడ్రస్ చీటీ ఒక్కటే.

అలా చెయ్యనివాళ్ళూ ఉన్నారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా బయటి సైట్ల బొమ్మల్ని పేజీలో అతికించనివ్వదు. బొమ్మ కావాలంటే అక్కడో, కామన్స్‌లోనో లైసెన్సు చూపించి ఎక్కించాల్సిందే. కొత్తవాళ్ళకి ఇది చాదస్తంలా అనిపిస్తుంది. కానీ బయటి కంపెనీ ఏదో మూతపడిందని అక్కడ బొమ్మ మాయమవదు. 1998లో మొదలైన ఈమాట పత్రిక, పరుచూరి శ్రీనివాస్ అందించిన పాత ఆకాశవాణి రికార్డింగులు ఎన్నింటినో తన సర్వర్లోనే పెట్టుకుంది. ఫైలు మన దగ్గరుంటే ప్లేయరు పోయినా ఇంకోటి తగిలించుకోవచ్చు.

ఎంబెడ్ వద్దని కాదు నా ఉద్దేశం. నిన్నటి సినిమా ట్రైలరుకి కాపీ దాచుకోనక్కర్లేదు, అది పదిచోట్ల ఉంటుంది. ఒక్కరి క్యాసెట్లో తప్ప ఇంకెక్కడా లేని రేడియో నాటిక సంగతి వేరు. దాని అసలు ఫైలు మన దగ్గర ఉండి తీరాలి. అలాగే ఏది అతికించినా దాని కింద పేరు, పాడినవారు, రాసినవారు, ఏ కేంద్రం, ఏ ఏడాది అని రెండు లైన్లు రాయండి. పెట్టె ఖాళీ అయినా కనీసం ఏం వెతకాలో తెలుస్తుంది. "ఈ పాట వినండి" అని మాత్రమే రాసి వదిలేసిన చోట, అది ఏ పాటో కూడా ఇప్పుడు తెలియట్లేదు.

అప్పట్లో ఈస్నిప్స్‌లో పాటలు ఎక్కించినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఆ పాత డెస్క్‌టాప్ తుక్కుకి వేసేముందు హార్డ్ డిస్కు ఒకసారి చూడండి. ఆ ఫైలు ఇంకా అక్కడే ఉండొచ్చు.