ఊయల బొంత
పాత చీరలను పొరలుగా పరిచి చేత్తో కుట్టే దుప్పటి బొంత. దీని కొలత చీరను బట్టే వస్తుంది: 5.5 మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే సుమారు 183 సెంటీమీటర్ల పొడవు. వెడల్పు చీర పన్నాయే, దాదాపు 115. మంచం మీద ఈ వెడల్పు ఇరుకే, పక్కకు తిరిగితే వీపు బయటపడుతుంది. ఊయలలో పడుకుంటే దాని గుడ్డే రెండు వైపులా ఒంటిని కమ్ముకుంటుంది కనుక చక్కగా సరిపోతుంది. పొడవులో మాత్రం పిసినారితనం కూడదు. పాదాల కింద మడుచుకోవడానికి మనిషి ఎత్తుకు కనీసం జానెడు కలపాలి.

అడుగు నుంచి వచ్చే చలి అసలు సమస్య. ఒంటి బరువుకు కిందున్న బొంత పొరలు అణిగిపోయి వాటి మధ్య గాలి నిలవదు. లంబసింగి వంటి చలిచోట్ల రెండో బొంతను ఊయల వెలుపల, కిందివైపు వేలాడదీయాలి. బెజవాడ బెంజ్ సర్కిల్ మేడల మీద జనవరి రాత్రికి ఒక్కటి చాలు.