దాలి నుంచి ఓవెను దాకా

మన చరిత్రకారులు రాజుల దండయాత్రలను లెక్కపెట్టినంత శ్రద్ధగా ప్రజల కుండలను లెక్కపెట్టలేదు. ఎవరు ఏం తిన్నారు, ఎవరి చాకిరీ ఎవరి విస్తట్లోకి పోయింది, మిగిలినదాన్ని వండుకోవటానికి ఎంతసేపు పట్టింది అన్న ప్రశ్నలు వాళ్లకు చిన్నవిగా తోచాయి. కాని ఉత్పత్తి సంబంధాలు దస్తావేజుల్లో కంటే పొయ్యి దగ్గరే స్పష్టంగా కనిపిస్తాయని నా నమ్మకం. ఈ సంగతి నాకు గ్రంథాలవల్ల తెలియలేదు. ఒక ఆదివారం జగిత్యాలలో, అద్దె ఇంట్లో, పెద్దకూర ప్రక్కటెముకలను ఓవెనులో పెట్టి చెడగొట్టుకున్నప్పుడు తెలిసింది.

నేను పుట్టింది సిరిసిల్ల దగ్గర ఒక పల్లెలో, మాదిగవాడలో. పాఠం చెప్పేది జగిత్యాలలో. మాంసం కొనేది కోరుట్లలో. జగిత్యాలలో దొరకక కాదు, తెలిసినవాళ్లు చూస్తారని. నిజామాబాదు రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు బస్సులో వెళ్లి, సంచి అడుగున పెట్టుకుని వస్తాను. మా ఇంటి యజమాని చెడ్డవాడు కాదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఒక్క మాట అన్నాడు: "సార్, కోడికూర, మేకకూర మీ ఇష్టం. పెద్దది మాత్రం వద్దు." 'పెద్దది' అనేటప్పుడు గొంతు తగ్గించాడు. ఎం.ఏ. చదివి, తరగతిలో వేమనను గొంతెత్తి చెప్పే నేను తల వూపాను. ఓవెను కొన్నది కూడా సగం అందుకే. తలుపు మూసి వండవచ్చు. పోపు వాసన వీధిలోకి పోదు.

మొదటిసారి రెండువందల ఇరవై డిగ్రీల వేడిలో గంటసేపు వుంచాను. వేడి ఎంత ఎక్కువైతే మాంసం అంత మెత్తబడుతుందని నా అంచనా. తీసి చూస్తే పైన మాడి, లోపల చెప్పు అట్టలాగా వుంది. ఆ వారం మా అమ్మ వూరినుంచి వచ్చి వుంది. ముక్క నోట్లో పెట్టుకుని, నమలలేక తీసేసి నవ్వింది. "మంట ఎక్కువ పెడితె బొక్క ఇడుస్తదా కొడుకా? దీనికి మంట గాదు, యాళ్ల గావాలె," అన్నది.

ఆమె ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. మా ఇంట్లో గడియారం లేని రోజుల్లో, పొద్దున్నే కుండ పొయ్యిమీద పెట్టి, కట్టెలు వెనక్కి లాగి నిప్పులమీద వదిలి, చాటలో తునికాకు వేసుకుని కూర్చునేది. మధ్యలో లేచి మూకుడులో నీళ్లు పోసేది. కింద పులుసు ఇగరకుండా అది కాపాడేది. కట్టకు ఇరవైఅయిదు చొప్పున ఇరవై కట్టలు, అంటే అయిదువందల బీడీలు పూర్తయ్యేసరికి ముక్క బొక్కను విడిచేది. ఒకే కాలంలో ఆమె రెండు పనులు చేసేది. ఒకదానికి కూలీ దొరికేది. రెండోదానికి పేరు కూడా లేదు.

ఆమె 'యాళ్ల' అన్నదాన్ని శాస్త్రం మరొక మాటతో చెబుతుంది. కండరాలను పట్టి వుంచే పొరల్లో కొలాజెన్ అనే పదార్థం వుంటుంది. పశువు ఎంత పనిచేస్తే, ఎంత వయస్సు పైబడితే అది అంత గట్టిపడుతుంది. పెద్ద మంట మీద కండ ముడుచుకుని నీటిని బయటికి నెట్టేస్తుంది. కొలాజెన్ మాత్రం కరగదు. మాంసం లోపలి వేడి డెబ్భై డిగ్రీలు దాటి, తడి ఆరకుండా, గంటల తరబడి నిలిస్తేనే అది జిలాటిన్‌గా మారి, ముక్క మెత్తబడి, పులుసు చిక్కబడుతుంది. దీన్నిబట్టి ఒక విషయం గమనించవలసి వుంది. పశువు చేసిన చాకిరీ దాని మాంసంలో నమోదై వుంటుంది. మాంసం గట్టిదనం అంటే పేరుకుపోయిన శ్రమే.

మరి మా ప్రాంతంలో ఆ శ్రమ ఎటువంటిది? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మెట్ట ప్రాంతాలు. కాలువ నీళ్లు రాకముందు సేద్యం చెరువుల మీద, మోటబావుల మీద నడిచింది. జత ఎడ్లు రోజంతా బావి గట్టున ముందుకూ వెనక్కూ నడిస్తేనే మడి తడిసేది. ఆ మోట తోలుది. దాని తొండం తోలుది. ఎద్దు మెడమీది పట్టెడ తోలుది. ఇవన్నీ కుట్టిందీ, చచ్చిన గొడ్డును వూరిబయటికి మోసుకుపోయి తోలు తీసిందీ, లందలో ఆ తోలును వూనిందీ మాదిగలు. ఇక్కడి ప్రజలు ఈనాటికీ వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లిస్తారు. ఎద్దు లేనిదే బతుకు లేదన్న రైతు అనుభవంలో ఆ భక్తికి వేరు వుంది. అదే ఎద్దు పనిచేసి పనిచేసి పడిపోయిన తర్వాత దాని భారమంతా వాడదే. తోలు వూరికి పోయింది. మాంసం వాడకు మిగిలింది.

1972లో వెలువడిన పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణా పోరాట గ్రంథంలో వెట్టి రూపాలు కులవృత్తుల వారీగా కనిపిస్తాయి. మాదిగలు దొరకు తోలుపని వుచితంగా చెయ్యాలి. గొల్లలు మందలోంచి గొర్రెలు ఇవ్వాలి. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివితే మాంసాహారంలోని వర్గ విభజన బయటపడుతుంది. పనిచెయ్యని లేత జీవం వెట్టి రూపంలో గడీకి పోయింది. జీవితమంతా పనిచేసిన ముసలి ఎద్దు, దానితోపాటు పనిచేసినవాళ్ల కుండలోకి వచ్చింది. ఉర్దూలో 'ఛోటేకా గోష్త్', 'బడేకా గోష్త్' అంటారు. మనం చిన్నకూర, పెద్దకూర అంటాం. పశువు సైజునుబట్టి పెట్టిన పేర్లే గాని, తినేవాళ్ల అంతస్తు మాత్రం సరిగ్గా తలకిందులుగా వుంటుంది.

మెత్తటి మాంసం దొరికినవాడికి వంటలో నేర్పు అంతగా అవసరం లేదు. గట్టి మాంసం దక్కినవాళ్లే సన్నని సెగను, ఓపికను, మూతను కనిపెట్టుకోవలసి వచ్చింది. ఒకేసారి తినలేని మాంసాన్ని సన్నగా కోసి, దండెం మీద ఎండబెట్టి తునకలు చేసుకున్నారు. దీన్ని లేమి అని మాత్రమే అంటే సగం సత్యం. అది ఒక విజ్ఞానం కూడా.

ఈ సన్నసెగ రహస్యం వూళ్లోవాళ్లకు తెలియనిదేమీ కాదు. రైతుల ఇళ్లలో దాలి వుండేది. గుంటలో పిడకలు పేర్చి రాజేసి, నివురుగప్పిన ఆ వేడిమీద పాలకుండ పెడితే, సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి మీగడ కట్టేవి. వాడలో అదే పిడకల నిప్పు మీద మాంసం కుండ వుండేది. రెండు నిప్పులూ ఒకటే, పశువులూ ఒకటే. ఒక కుండ పవిత్రమైంది, రెండోది మైల అయింది. తేడా వంటలో లేదు, వండినవాళ్ల స్థానంలో వుంది.

మన సాహిత్యం ఈ రెండో కుండను ఎట్లా చూసింది? పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో శివుణ్ణి మాదర చెన్నయ్య ఇంట అంబలి తాగించాడు. పదమూడో శతాబ్దానికి అది గొప్ప సాహసం. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో బోయ తిన్నడు వేటమాంసాన్ని స్వామికి నివేదించాడు. అంబలి కావ్యానికి ఎక్కింది, అడవి మాంసం ఎక్కింది. దుక్కిటెద్దు మాంసం వాడ దాటి రాలేదు. సంస్కృతంలోనైతే భవభూతి ఉత్తరరామచరితం నాలుగో అంకంలో, వసిష్ఠుడి రాకకోసం దూడను వధించిన సంగతిని వాల్మీకి శిష్యులు దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు. అంటే ఒకనాడు అతిథి మర్యాద అయినదే తర్వాతికాలంలో అంటరానితనానికి గుర్తు అయిందన్నమాట. ఈ మార్పును ఒక చారిత్రక సమస్యగా తీసుకుని, 1948లో అంటరానివారి పుట్టుపూర్వోత్తరాల మీద రాసిన గ్రంథంలో అంబేద్కర్ చర్చించారు. గొడ్డుమాంసం తినటానికీ అంటరానితనానికీ వున్న సంబంధాన్ని ఆయన సిద్ధాంతంగా నిలబెట్టారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. 1927లో మహాడ్ సభలో అదే అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమని పిలుపు ఇచ్చారు గదా, మీరు దాన్ని మళ్లీ పొగుడుతున్నారేమని అడగవచ్చు. ఆక్షేపణ న్యాయమైందే. వెట్టి కింద మోసిన కళేబరాన్ని, మరొకటి దొరక్క తినటాన్ని నేను పొగడటం లేదు. ఆ పిలుపు నిర్బంధాన్ని వదలమన్న పిలుపు. జీతం డబ్బుతో అంగడిలో కొని, ఇష్టపడి వండుకోవటం వేరు. ఆ రెండిటి నడుమ జరిగిందే మా చరిత్ర.

ఆ చరిత్రలో జగిత్యాలకు ప్రత్యేక స్థానం వుంది. 1978 సెప్టెంబరు 7న వేలాది రైతుకూలీలు ఈ పట్టణంలో జైత్రయాత్ర జరిపారు. వెట్టి పోవాలన్నారు, బంజరు భూములు కావాలన్నారు, పాలేర్ల జీతాలు పెంచాలన్నారు. అదే సంవత్సరం అక్టోబరు 20న ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 'వెట్టి రద్దు' అన్న రెండు మాటల్లో తోలు, కళేబరం, కుండ అన్నీ ఇమిడి వున్నాయి. కాని మన కథల్లో, గేయాల్లో గంజి వచ్చినంతగా, జొన్నరొట్టె వచ్చినంతగా ఈ కుండ రాలేదు. ఆకలిని రాసిన అభ్యుదయ కవి ఆ ఆకలి దేనితో తీరిందో రాయటానికి ఎందుకో జంకాడు. 1995లో వెలువడిన 'చిక్కనవుతున్న పాట' నాటికి దళిత కవులు తమ గొంతుతో తాము మాట్లాడారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపితే ఘర్షణ జరిగింది. ఈ లోటు మనదని ఒప్పుకోవటం అవమానం కాదు.

చట్టం సంగతి కూడా చూద్దాం. హైదరాబాదు రాష్ట్రంలో 1950లోనే పశువధ మీద ఒక చట్టం వచ్చింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ 1977లో చేసిన చట్టం ఆవునూ దూడనూ వధించటాన్ని నిషేధించింది. ఎద్దు, దున్న, బర్రె వంటివాటిని సేద్యానికో, పాడికో, సంతానానికో ఇక పనికిరావని ధ్రువపత్రం వుంటే కొయ్యవచ్చు. దీని ధర్మాధర్మాలు అట్లా వుంచి, వంటగదిలో దీని ఫలితం ఆలోచించండి. చాకిరీ అంతా అయిపోయిన పశువే పేదవాడి అంగడికి రావాలని చట్టమే నిర్ణయించింది. అమెరికాలో రెండేళ్లయినా నిండని, ధాన్యం మేసిన పశువు ప్రక్కటెముకలు అంగడికి వస్తాయి. అక్కడి వంటపుస్తకాల గంటల లెక్క కోరుట్ల బర్రెకు సరిపోకపోవటంలో ఆశ్చర్యం లేదు. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు కాలువ, కరెంటు మోటారు, ట్రాక్టరు వచ్చి ఎద్దును పొలంనుంచి తప్పించాయి. అందుకే ఇప్పుడు మాకు దొరికేది ఎక్కువగా బర్రె మాంసం.

ఇక ఓవెను. మూసిన వేడిలో వండటం మాకు కొత్త కాదు. రంజాన్ నెలలో మట్టి భట్టీమీద హలీం డేగ గంటలకొద్దీ వుడుకుతుంది. మా ప్రాంతంనుంచి గల్ఫుకు వలసపోయినవాళ్లు అక్కడ గుంట పొయ్యిలో మగ్గే మందీ రుచి మరిగి వచ్చారు. నిజాం కొలువులో చేరిన అరబ్బుల బార్కస్ నుంచి అదే మందీ హైదరాబాదంతా పాకింది. నా బల్లమీది ఓవెను ఈ వరసలో చివరిది మాత్రమే. పిడకల స్థానంలో కరెంటు తీగె వచ్చింది.

అమ్మ చెప్పిన తర్వాత నేను చేస్తున్న పద్ధతి ఇది. బొక్క వెనకవైపు వుండే పల్చటి పొరను కత్తి మొనతో లేపి, గుడ్డతో పట్టి లాగెయ్యాలి. అది కరగదు, కారాన్ని లోపలికి పోనివ్వదు. వుప్పు, పసుపు, అల్లం ఎల్లిగడ్డ, కారం, ధనియాలు, జీలకర్ర పట్టించి రాత్రంతా వుంచుతాను. ముసలి పశువుదని అనుమానం వుంటే పచ్చి బొప్పాయి ముద్ద కొంచెం. ఎక్కువైతే ముక్క పిండి అవుతుంది. పొద్దున లోతుపళ్లెంలో ఉల్లిగడ్డ ముక్కలు పరిచి, బొక్కలు పేర్చి, చింతపండు పులుసు గ్లాసెడు పోసి, గాలి చొరకుండా మూత బిగిస్తాను. నూటయాభై డిగ్రీలలో నాలుగు గంటలు, గట్టిదైతే అయిదు. చివర మూత తీసి, రెండువందల ఇరవైలో పది పదిహేను నిమిషాలు. చెంచాతో కదిపితే కండ బొక్కను విడవాలి. విడవకపోతే వేడి పెంచకూడదు. మరో అరగంట కూర్చోవాలి. అమ్మ తిని, "ఇప్పుడు ఇడిసింది" అని మాత్రం అన్నది. తర్వాత, "తలుపెందుకు మూసినవ్?" అని అడిగింది. వాడలో పొయ్యి ఇంటిముందే వుండేది. ఆమెకు నేను జవాబు చెప్పలేదు.

మొన్న తరగతిలో మాదర చెన్నయ్య కథ చెబుతూ అంబలి దగ్గర ఆగాను. వెనక బెంచీనుంచి ఒక పిల్లవాడు లేచి, "సార్, మీరు పెద్దకూర తింటరా?" అన్నాడు. తరగతి నిశ్శబ్దమైంది. "తింటాను. నేనే వండుతాను," అన్నాను. ఆ పిల్లవాడు కూర్చుంటూ తన పక్కవాడివైపు చూసిన చూపు నాకు చాలా పాఠాలు చెప్పింది.

ఈ వ్యాసం మా ఇంటి యజమాని కంటపడితే ఇల్లు ఖాళీ చెయ్యమనవచ్చు. ఆయనతో ముఖాముఖి మాట్లాడవలసిన మాటను ముందు పత్రికలో రాయటం నా బలహీనతే. కాని అద్దె ఇంటి షరతు ఒక మనిషి దుర్బుద్ధివల్ల పుట్టేది కాదు. దానివెనక ఇంత చరిత్ర వుంది. దాన్ని తెలుసుకోవలసిన బాధ్యత మన విద్యార్థులమీద, ఉపాధ్యాయులమీద వుంది. సెలవులకు వూరికి వెళ్లినప్పుడు మీ అమ్మలను, అవ్వలను అడగండి: కుండలో ఏం వుండేది, ఎంతసేపు వుడికేది, ఆ సేపట్లో వాళ్లు ఇంకేం పని చేసేవారు? రాసుకుని రండి. నావంతుగా వచ్చే ఆదివారం జగిత్యాలలోనే మాంసం కొంటాను. వంటింటి తలుపు తీసి వుంచుతాను.