రాచప్రణయం – లోకదృష్టి: బ్రిటిష్ రాజకుటుంబ వివాహాలపై టెలివిజన్ చిత్రాలు (1982–2018)

ప్రవేశిక

రాజు ప్రేమించడం కావ్యానికి కొత్త వస్తువు కాదు. మన ప్రబంధాలు నాయికానాయకుల పూర్వరాగాన్ని ఉద్యానవనాలలో, చెలికత్తెల నడుమ, హంసల, చిలుకల రాయబారాలతో నడిపాయి. అక్కడ శృంగారానికి ఏకాంతమే రక్ష. బ్రిటిష్ రాజకుటుంబ వివాహాల ఆధారంగా అమెరికన్ టెలివిజన్ సంస్థలు నిర్మించిన ప్రణయచిత్రాలలో ఆ ఏకాంతమే కరవు. నాయికను వెంటాడే ఛాయాచిత్రకారులు, ఆమె కులగోత్రాలను విచారించే పత్రికలు, తీర్పు చెప్పే జనం ఈ కథలలో ప్రధాన ప్రతిబంధకాలు. ఈ ప్రతిబంధక స్వరూపం కాలక్రమంలో ఎలా మారిందో, దానిని చిత్రించే మాధ్యమం దానితో ఎటువంటి సంబంధం కలిగి ఉందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చారిత్రక పూర్వరంగం

1936లో ఎనిమిదవ ఎడ్వర్డ్, అమెరికన్ స్త్రీ వాలిస్ సింప్సన్‌ల అనుబంధాన్ని గురించి అమెరికన్ పత్రికలు నెలల తరబడి రాశాయి. బ్రిటిష్ పత్రికలు మాత్రం డిసెంబరు ఆరంభం వరకు మౌనం పాటించాయి. ఆ మౌనం వీడిన కొద్ది రోజులకే, డిసెంబరు 11న, ఎడ్వర్డ్ రాజ్యత్యాగం అమలులోకి వచ్చింది. 1953లో రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకం నాడు యువరాణి మార్గరెట్, పీటర్ టౌన్‌సెండ్ కోటుపై నూలుపోగును చేతితో తీసివేయడం విలేకరుల కంటబడి, వారి ప్రేమ లోకానికి వెల్లడైంది. టౌన్‌సెండ్ విడాకులు పొందినవాడు. 1955 అక్టోబరు 31న ఆమె ఆ వివాహాన్ని విరమించుకొంటున్నట్లు ప్రకటించింది. మొదటి ఘట్టంలో పత్రిక కళ్లు మూసుకొంది; రెండవ ఘట్టంలో ఒక చేతి కదలికను సైతం చదివింది. రాచప్రణయం బహిరంగ వస్తువైన క్రమం ఈ రెండింటి మధ్యనే స్పష్టమవుతున్నది.

ప్రతిబంధక స్వరూపం – మూడు దశలు

చార్లెస్, డయానాల వివాహం 1981 జూలై 29న జరిగింది. 1982 సెప్టెంబరు 17న ఎ.బి.సి. సంస్థ ‘చార్లెస్ అండ్ డయానా: ఎ రాయల్ లవ్ స్టోరీ’ని, మూడు రోజుల తరువాత సి.బి.ఎస్. సంస్థ ‘ది రాయల్ రొమాన్స్ ఆఫ్ చార్లెస్ అండ్ డయానా’ను ప్రసారం చేశాయి. నాయిక కులీన కుటుంబానికి చెందినదే కనుక ఇక్కడ అంతస్తు అడ్డంకి కాలేదు. నిజజీవితంలో పత్రికల వేధింపు తీవ్రమై, డయానా తల్లి 1980 డిసెంబరులో ‘ది టైమ్స్’ పత్రికకు నిరసనలేఖ రాయవలసి వచ్చింది. ఆ వేధింపును దాటి వచ్చిన పరిణయాన్ని ఈ చిత్రాలు శుభాంత కథగానే అందించాయి.

రెండవ దశ ‘విలియం అండ్ కేట్’. లైఫ్‌టైమ్ ఛానల్ 2011 ఏప్రిల్ 18న ప్రసారం చేసిన ఈ చిత్రంలో నాయిక మధ్యతరగతి కుటుంబం నుండి వచ్చినది. తల్లిదండ్రులు విందు సామగ్రి వ్యాపారం చేసినవారు. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో మొదలైన స్నేహం, 2007లో కలిగిన ఎడబాటు, పునస్సమాగమం కథకు అంగాలు. ఇక్కడ లోకదృష్టి వర్గభేద రూపం ధరించింది.

మూడవ దశ 2018 మే 13న అదే ఛానల్ ప్రసారం చేసిన ‘హ్యారీ అండ్ మేఘన్: ఎ రాయల్ రొమాన్స్’. దర్శకుడు మెన్హాజ్ హుదా. నాయిక అమెరికన్ నటి, విడాకులు పొందినది, ఆఫ్రికన్ అమెరికన్ తల్లికి కుమార్తె. 2016 నవంబరు 8న కెన్సింగ్టన్ ప్యాలెస్ బహిరంగ ప్రకటన చేస్తూ, ఆమెపై జరుగుతున్న వేధింపులను, కొన్ని రాతలలోని జాతివివక్ష ధోరణిని ఖండించింది. 1936లో సింహాసనాన్ని కదిలించిన విడాకుల అంశం 2018 నాటికి ఆ బలం కోల్పోయింది. పూర్వ భాగస్వామి జీవించి ఉండగా విడాకులు పొందినవారు చర్చిలో పునర్వివాహం చేసుకోవడానికి ఇంగ్లండు చర్చి 2002లో అవకాశమిచ్చింది. పైగా ఎడ్వర్డ్ రాజు. హ్యారీ 2018 నాటికి వారసత్వక్రమంలో ఆరవవాడు. అయితే పాత ప్రతిబంధకం తొలగినచోట జాతి అనే మరొకటి నిలిచింది.

ప్రసారకాలం – ప్రయోజనం

ఈ చిత్రాల ప్రసార తేదీలు గమనించదగినవి. 1982 చిత్రాలు వివాహం జరిగిన సుమారు పద్నాలుగు నెలలకు వచ్చాయి. 2011 చిత్రం వివాహానికి పదకొండు రోజుల ముందు, 2018 చిత్రం ఆరు రోజుల ముందు వచ్చాయి. అనగా ఈ ప్రక్రియ స్మృతి నుండి నిరీక్షణకు మారింది. 1982 ప్రేక్షకుడు తాను ప్రత్యక్ష ప్రసారంలో చూసిన వేడుక వెనుక కథను చూశాడు. తరువాతి ప్రేక్షకుడికి చిత్రం పూర్వభాగం, రానున్న నిజ వివాహం ఉత్తరభాగం అయ్యాయి. నిజజీవితం కల్పనకు నిర్వహణ సంధిగా మారిన తీరు ఇది.

లోకాపవాదం – దిశాభేదం

రాజదంపతులపై ప్రజాదృష్టి అనగానే తెలుగు పాఠకునికి ఉత్తరకాండ స్ఫురించడం సహజం. తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణం’ మొదలు 1963 నాటి ‘లవకుశ’ చలనచిత్రం వరకు ఆ కథ మనకు సుపరిచితం. అయితే ఆ పోలికకు ఒక పరిమితి ఉంది. ఉత్తరకాండలో ప్రజల మాట రాజు చెవికి చేరుతుంది. వార్తాహరులు వీధి నుండి కోటకు నడుస్తారు. ఆధునిక రాచప్రణయంలో వార్త కోట నుండి వీధికి నడుస్తుంది, అదీ వెలకు. అక్కడ అపవాదం రాజధర్మాన్ని పరీక్షించింది. ఇక్కడ కుతూహలం సరుకు అయింది. రెండింటిలోనూ ఆ భారం అధికంగా మోసినది స్త్రీయే.

ఉపసంహారం

ఈ చిత్రాలు పరులచూపును ప్రతినాయకస్థానంలో నిలుపుతాయి. కాని ఏ కెమెరాకూ అందని ఏకాంత సంభాషణలను కల్పించి చూపడమే వాటి ఆకర్షణ. ఛాయాచిత్రకారుడు గుమ్మం వద్ద ఆగినచోట టెలివిజన్ చిత్రం లోనికి ప్రవేశిస్తుంది. కథలో ఆ చూపును నిరసించే ప్రేక్షకుడు, చూస్తున్నంతసేపు దానిలో భాగస్వామి.

ఈ భాగస్వామ్యం నిరపాయమైనది కాదని చరిత్ర చెబుతున్నది. 1982లో సి.బి.ఎస్. చిత్రంలో డయానాగా నటించిన కేథరిన్ ఆక్సెన్‌బర్గ్, 1992లో అదే దాంపత్యం విఫలమైన కథలోనూ ఆ పాత్రనే ధరించింది. 1997 ఆగస్టు 31న పారిస్‌లో డయానా మరణించింది. వాహనచోదకునితో పాటు వెంబడించిన వాహనాలను నడిపినవారి తీవ్ర నిర్లక్ష్యం కూడా ఆ మరణానికి కారణమని 2008లో లండన్‌లో విచారణ జరిపిన జ్యూరీ తేల్చింది. హ్యారీ, మేఘన్‌లు 2020 జనవరిలో రాచవిధుల నుండి తప్పుకొంటున్నట్లు ప్రకటించగా, 2021లో లైఫ్‌టైమ్ దానినీ చిత్రంగా మలచింది. ప్రణయం, వివాహం, వియోగం ఏదైనా ఈ ప్రక్రియకు వస్తువే.

కనుక ఈ చిత్రాలను కేవలం కాలక్షేప కథలుగా పరిగణించి విడిచిపెట్టడం సమంజసం కాదు. ఒక సమాజం ఏ కాలంలో ఏ నాయికను ఏ ప్రాతిపదికపై శంకించిందో అవి నమోదు చేస్తున్నాయి. శృంగారకథలో ప్రతిబంధకాన్ని గుర్తించడం నాటి సమాజాన్ని గుర్తించడమే. ప్రబంధాల విషయంలో మనం అనుసరించే ఈ పద్ధతి టెలివిజన్ ప్రణయచిత్రానికీ వర్తిస్తుంది.