లైట్ టవర్ వెలగడం లేదా? బల్బు మార్చే ముందు ఇవి చూడండి

తుపాను గాలికి స్తంభాలు కూలి కాలనీ అంతా చీకటైనా, రాత్రిపూట రోడ్డు తవ్వి పైప్‌లైన్ బాగుచేయాల్సి వచ్చినా, వినాయక నిమజ్జనం తెల్లవార్లూ సాగినా వెలుగు కోసం తెచ్చి నిలిపేది మొబైల్ లైట్ టవర్‌నే. చక్రాల బండిపై డీజిల్ జనరేటర్, నిలువునా పైకి లేచే మాస్ట్, దాని చివర సాధారణంగా నాలుగు దీపాలు ఉంటాయి. వాటిలో ఒకటి ఆరినా ఆ వైపు గుంత కనిపించదు, నీళ్లలో పడిన తీగ కనిపించదు. దీపం ఆరగానే ‘బల్బు పోయింది’ అనేస్తాం. కానీ తప్పు వేరే చోట ఉండొచ్చు.

ఒకటి ఆరిందా? అన్నీ ఆరాయా?

ముందు చూడాల్సింది ఇదే. నాలుగూ ఒకేసారి ఆరితే బల్బులను అనుమానించక్కర్లేదు. డీజిల్ ఉందా, మెయిన్ బ్రేకర్ పడిపోయిందా, జనరేటర్ నుంచి సరైన వోల్టేజీ వస్తోందా అన్నది చూడాలి. అన్నీ కలిసి మిణుకుమిణుకుమంటుంటే ఇంజిన్ వేగం నిలకడగా లేదేమో చూడాలి. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా, ఇంధన పైపులో గాలి చేరినా ఇలా అవుతుంది. ఒక్కటే ఆరితే దాని స్విచ్, ప్లగ్, కేబుల్, బల్బు.. ఈ వరుసలో చూసుకుంటూ వెళ్లాలి.

ఆరిన వెంటనే ఎందుకు వెలగదు?

చాలా టవర్లలో 1000 వాట్ల మెటల్ హాలైడ్ బల్బులు ఉంటాయి. ట్యూబ్‌లైట్‌కు చోక్, స్టార్టర్ ఎలాగో వీటికి బాలాస్ట్, ఇగ్నైటర్ అలాగ. స్విచ్ వేశాక పూర్తి వెలుగు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. వెలుగుతున్న బల్బు ఒక్క క్షణం కరెంటు పోయి ఆరితే, లోపలి వాయువు వేడికి పీడనం ఎక్కువగా ఉండి వెంటనే మళ్లీ అంటుకోదు. చల్లారడానికి 10 నుంచి 20 నిమిషాలు పట్టొచ్చు. ఈలోగా స్విచ్ పదేపదే వేసి తీయడం వల్ల లాభం లేదు. ఆపేసి, ఆగి, అప్పుడు వేయాలి. ఎల్ఈడీ టవర్లకు ఈ నిరీక్షణ ఉండదు. కరెంటు అందుతున్నా ఎల్ఈడీ వెలగకపోతే డ్రైవర్‌నో, వైరింగ్‌నో అనుమానించాలి.

బల్బుదా తప్పు? బాలాస్ట్‌దా?

దీనికో తేలికైన పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి, మాస్ట్ దించి, బల్బులు పూర్తిగా చల్లారాక, వెలగని దీపంలోని బల్బును వెలిగే దీపంలోకి, దాన్ని దీనిలోకి మార్చాలి. రెండూ ఒకే రకం, ఒకే వాటేజీ అయి ఉండాలి. బల్బుతో పాటే సమస్య కూడా మారితే బల్బు పోయినట్టు. సమస్య పాత చోటే ఉంటే బాలాస్ట్, కెపాసిటర్, ఇగ్నైటర్, వైరింగ్‌లలో ఎక్కడో తేడా ఉన్నట్టు. ఆపిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉంటుంది. కాబట్టి ఆ పెట్టె తెరవడం ఎలక్ట్రీషియన్ పనే.

ఈ లక్షణాలు ఏం చెబుతాయి?

• వెలిగి, కాసేపటికి ఆరి, చల్లారాక మళ్లీ వెలుగుతుంటే: బల్బు ఆయుష్షు తీరుతుండొచ్చు, లేదా వోల్టేజీ తక్కువగా ఉండొచ్చు.
• మాస్ట్ లేపినప్పుడే ఆరిపోతుంటే: కేబుల్ లోపల తెగి ఉండొచ్చు, ప్లగ్ వదులై ఉండొచ్చు.
• వాన తర్వాత బ్రేకర్ పడిపోతుంటే: దీపంలోకో, ప్లగ్‌లోకో నీరు చేరి ఉండొచ్చు. బలవంతంగా మళ్లీ వేయొద్దు. అది పడిపోయేది మనకు షాక్ తగలకుండా ఉండటానికే.

ఇవి మాత్రం చేయొద్దు

• పైన కరెంటు తీగలు ఉన్నచోట మాస్ట్ లేపొద్దు. తీగ తెగి పడితే దగ్గరికి వెళ్లకుండా 1912కు ఫోన్ చేయాలి. ఎవరికైనా ప్రాణాపాయమైతే 112కు చేయాలి.
• మెటల్ హాలైడ్ బల్బు బయటి గాజు పగిలినా దీపం వెలుగుతూనే ఉండొచ్చు. అప్పుడు వచ్చే అతినీలలోహిత కిరణాలు కళ్లకు, చర్మానికి హాని చేస్తాయి. వెంటనే ఆపేయాలి.
• జనరేటర్‌ను సెల్లార్‌లో నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.
• ఎర్తింగ్ లేకుండా నడపొద్దు. ఈదురుగాలి మొదలైతే మాస్ట్ దించేయాలి.

మీరు చేయగలిగింది

మీ వీధిలో ప్రభుత్వ టవర్ ఆరితే దాన్ని ముట్టుకోకుండా అక్కడి సిబ్బందికి చెప్పండి. ఎన్ని దీపాలు ఆరాయి, వాన పడ్డాక ఆరాయా, కాసేపటికి మళ్లీ వెలిగాయా అన్న మూడు వివరాలూ ఇస్తే మెకానిక్ వెతుకులాట సగం తగ్గుతుంది. కాలనీ వేడుకకు అద్దెకు తెచ్చుకుంటే ముందురోజు రాత్రే మాస్ట్ పూర్తిగా లేపి, అన్ని దీపాలూ వేసి అరగంట నడిపి చూడండి. జనరేటర్ అందుకున్నాక దీపాలను ఒక్కొక్కటిగా వేయాలి. ఆపేటప్పుడు ముందు దీపాలు, తర్వాతే ఇంజిన్ ఆపాలి.