పెట్టెలో ఊరి గాలి

మామగారు పోయిన రెండో నెలలో అత్తయ్యగారిని కోనసీమ నుంచి హైదరాబాదు తీసుకొచ్చేశాం. ఆవిడ వెంట వచ్చింది ఒక్క ట్రంకుపెట్టె. అందులో చీరల అడుగున మామగారి చుట్టల పెట్టె! నాకు ఆశ్చర్యమేసింది. “ఆ కంపు అవతలకి పట్టుకుపోండి” అని నలభై ఏళ్లపాటు ఆయన్ని వీధి అరుగు మీదికి తరిమింది ఆవిడే మరి. చివరికి డాక్టరుగారూ ఆ మాటే అన్నారు గాని, అప్పటికే ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి.

ఎండలు ముదిరాక ఓ మధ్యాహ్నం ఆవిడ పెట్టె తెరిచి వాసన చూసి, “ఏమీ లేదు అమ్మాయ్, పోయింది” అన్నారు. చుట్టలు గలగలమంటున్నాయి. ఒకటి పట్టుకుంటే పైఆకు అప్పడంలా చిట్లింది. నేను గబగబా నీళ్లు చిలకరించబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. తెలియనిది కనిపిస్తే పుస్తకాలు తిరగెయ్యడం నాకు అలవాటు. తిరగేశాను. చుట్ట తేమకి ఇంత చరిత్ర ఉందనుకోలేదు సుమండీ!

1492లో కొలంబస్ మనుషులు క్యూబా దీవిలో ఆకులు చుట్టి పొగ పీల్చేవాళ్లని చూశారు. అక్కడి గాలిలో ఏడాది పొడుగునా తేమే. ఆ గాలిలో పుట్టిన హవానా చుట్ట ఓడెక్కి లండనో న్యూయార్కో చేరి, చలికాలం నిప్పు రాజేసిన పొడి గదుల్లో కూర్చునేసరికి ఎండి పెళుసెక్కేది. ఆ చిక్కుకి విరుగుడే ‘హ్యూమిడార్’ అనే తేమ పెట్టె. అంటే, హవానా గాలిని కాస్త పట్టుకొచ్చి మూత పెట్టడమన్నమాట!

దాని లోపల వేసేది ‘స్పానిష్ సీడర్’ చెక్క. పేరు చూసి స్పెయిన్ దేవదారు అనుకునేరు. అది అమెరికా ఖండాల చెట్టు, వంశం చూస్తే మన వేపకి చుట్టం. చెమ్మని పీల్చుకుని నెమ్మదిగా వదలడం దాని గుణం. పెట్టెలో తేమ నూటికి 70 పాళ్లు, వేడి 21 డిగ్రీలు ఉండాలంటారు. తేమ తగ్గితే ఆకు పెళుసు, మరీ పెరిగితే బూజు. వేడి ఎక్కువైతే పురుగు. ఆ పురుగు మనకి పరాయిదేం కాదు. పసుపుకొమ్ములకీ, ధనియాలకీ, ఎండుమిరపకాయలకీ చిల్లులు పొడిచేదీ అదే!

తేమ కొలిచే సాధనం సరిగ్గా పనిచేస్తోందో లేదో దేనితో పరీక్షిస్తారో తెలుసా? ఉప్పుతో. మూత బిగించిన డబ్బాలో తడి ఉప్పు ముద్ద ఉంచితే లోపలి తేమ 75 దగ్గర నిలబడుతుంది. వానాకాలంలో మన ఉప్పుజాడీ నీరు కారేదీ గాలిలో తేమ ఆ గీత దాటినప్పుడే.

ఈ చుట్టల మోజు ఎంతవాళ్లనైనా వదల్లేదు. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ తన పత్రికా కార్యదర్శి సాలింజర్‌ని పిలిచి, తెల్లారేసరికి క్యూబా చుట్టలు ఓ వెయ్యి కావాలన్నాడట. సాలింజర్ 1,200 తెచ్చాడు. అవి అందాయని తెలిశాకే క్యూబా సరుకుల మీద నిషేధానికి సంతకం పెట్టాడట! ఈ కథ సాలింజరే తరవాత చెప్పుకున్నాడు. పంచదార బస్తాలు ముందు దాచుకుని, ఆపైన కొట్టు మూసేసినట్టు లేదూ? అయినా అన్ని చుట్టలు ఒక్కరోజులో కాల్చేవి కావు కదా, దాచుకోవాలి. 1961లో మిల్టన్ బెర్ల్ అనే హాస్యనటుడు ఆయనకి ఓ తేమ పెట్టె కానుకిచ్చాడు. 1996లో ఆ పెట్టె వేలంలో 5,74,500 డాలర్లు పలికింది. చుట్టలు బూడిదయ్యాయి, మనిషీ లేడు, పెట్టె మాత్రం మిగిలింది.

ఇక ఎండిన చుట్టని బాగుచేసే సంగతి. నీళ్లు చిలకరిస్తే లోపలి ఆకూ పైఆకూ ఒక్కలా ఉబ్బవు, పైది చిట్లిపోతుంది. అందుకని కొద్దిపాటి తేమతో మొదలుపెట్టి, వారాల తరబడి మెల్లగా పెంచాలి. అప్పటికీ ఎగిరిపోయిన నూనెలు తిరిగి రావు.

అత్తయ్యగారు నా చెయ్యి ఎందుకు పట్టుకున్నారో అప్పుడు తెలిసింది. ఆవిడ పుట్టింటివాళ్లు గోదావరి లంకల్లో పొగాకు పండించినవాళ్లు. తెల్లవారుజామున మంచుకి ఆకు మెత్తబడ్డాకే దాని మీద చెయ్యి వేస్తారు. దాన్నే ‘పదును’ అంటారు. ఎండెక్కాక ముట్టుకుంటే పొడి రాలుతుంది.

ఓ స్టీలు డబ్బాలో చుట్టలు పేర్చి, వాటికి తగలకుండా చిన్నగిన్నెలో డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన దూది ఉంచాను. మొదటి వారం రోజుకి కాసేపు మాత్రమే. రోజూ మూత తీసి బూజు పట్టిందేమోనని చూసుకునేదాన్ని. చూస్తూంటే సిగ్గనిపించింది. ఈ రెండు నెలలుగా గుడికి రండి, సినిమాకి రండి అంటూ మేమంతా ఆవిడ మీద నీళ్లు చిలకరిస్తూనే ఉన్నాం! ఆ పిలుపులు మానేశాను. సాయంత్రాలు ఊరికే పక్కన కూర్చునేదాన్ని.

ఆరోవారం డబ్బా ఆవిడ చేతికిచ్చాను. వాసన పూర్తిగా రాలేదు, సగమే వచ్చింది. ఆవిడ మొహం చిట్లించుకుని, “అబ్బ, అదే కంపు!” అన్నారు.

మూత మాత్రం చాలాసేపటిదాకా వెయ్యలేదు.